గడియ

హోర్తా ఊళ్ళో వాన. కాఫీ కొట్టు పైగదిలో
జుల్మీరా మొహమ్మీద తెర వెలుగు.
సర్వరు ఇక్కడ లేదు.
సముద్రం అవతల, కోర్వో దీవిలో,
వలలు దాచే రాతికొట్టంలో
ఉప్పుగాలికి తుప్పెక్కిన బీరువాలో ఉంది.
దానికి తెరా లేదు, కీబోర్డూ లేదు.
ఉన్న పని ఒకటే: రేవులో నీళ్ళెంత ఎత్తున్నాయో
పది నిమిషాలకోసారి రాసుకోవడం,
అడిగినవాళ్ళకి చెప్పడం.

నీళ్ళ సంగతి అడగనివాళ్ళే ఎక్కువ వస్తున్నారు.
నిన్న రాత్రి చిట్టాలో
పదకొండు వేల నాలుగువందల ఆరు తట్టుళ్ళు.
ఇరవైరెండో పోర్టు దగ్గర ఒకటే వరస:
రూట్ ఉన్నాడా? అడ్మిన్ ఉన్నాడా? టెస్ట్? గెస్ట్?
మారియా ఉందా అని కూడా ఎవరో.
ఇంట్లో లేనివాళ్ళని పేరు పెట్టి పిలవడం,
పలక్కపోతే ఇంకో పేరు.
కోపం లేదు, అలుపు లేదు,
తెల్లారితే సిగ్గు కూడా లేదు.

"మన ఆటుపోట్లతో వాళ్ళకేం పని?"
ఫోన్లో ఎలిజేవు. కొట్టం తాళంచెవి ఆ ముసలాయన దగ్గరే.
"నీళ్ళతో కాదు, తలుపుతో పని."
"మరి తలుపెందుకు పెట్టావు?"
దానికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది.

వద్దని చెప్పి పంపడం ఒక పద్ధతి.
వద్దన్నా అది జవాబే,
లోపల మనిషున్నట్టు తెలిసిపోతుంది.
తలుపు మీద 'రేపు రా' అని రాస్తే
చదువొచ్చిన దయ్యం రేపు వస్తుంది.
అందుకే జుల్మీరా మౌనం రాస్తోంది:
వచ్చిన పొట్లాన్ని విప్పకుండా
చప్పుడు చెయ్యని నూతిలోకి జారవిడవడం.

వరస తప్పకూడదు.
పైనుంచి కిందికి చదువుతుంది యంత్రం,
మొదట కుదిరిన మాట దగ్గరే ఆగిపోతుంది.
'అందర్నీ ఆపు' అని ముందు రాసి
'నన్ను రానియ్యి' అని కింద రాస్తే
ఆ రెండోది ఎవరూ వినరు.
పోయిన ఫిబ్రవరిలో అదే చేసింది.
తాళంచెవి చేతిలో ఉంది, కన్నం కనబడదు.
ఎలిజేవు ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు;
అది లేచి, బుద్ధిగా, అదే వరస చదువుకుంది.
గాలివాన. తొమ్మిది రోజులు పడవ లేదు.
పదో రోజు తెరా కీబోర్డూ సంచిలో వేసుకుని
వాంతులు చేసుకుంటూ వెళ్ళింది,
తన ఇంటికి తనే దొంగలా.

ఈసారి అన్నిటికంటే ముందు ఒక మాట పెట్టింది:
ఇరవైనాలుగు నిమిషాల్లో నా గొంతు వినబడకపోతే
రాసినవన్నీ చెరిపెయ్యి.
మన లెక్కలో అది ఒక గడియ.
తలుపుకి వేసేదీ గడియే.
ఆమె భాషలో ఈ రెండూ వేరువేరు మాటలు,
అయినా వేళ్ళకి తెలిసొచ్చింది
ప్రతి గడియకీ ఒక గడియ ఉండాలని.

ఎంటర్ నొక్కింది.
గీత మెరవలేదు.
కింద కొట్లో ఎవరో కప్పు కడుగుతున్నారు.
మెరిసింది.

చిట్టా మీద మంచు కురిసినట్టయింది.
గడువు రద్దుచేసి, దీపం ఆర్పి పడుకుంది.

తెల్లవారుజామున రేడియోలో జనువారియు,
ట్యూనా పడవ మీంచి:
"జుల్మీరా, నీ సముద్రం నాకు పలకడం లేదు."
అతని శాటిలైట్ ఫోను మాట
ఆకాశానికెక్కి ఏదో దూరదేశంలో దిగి వస్తుంది.
ఆ దేశం మొత్తాన్నీ
రాత్రి ఒక్క గీతతో మూసేసింది తను.
అక్కణ్ణించి వచ్చేది దొంగలేనని
ఎవరు చెప్పారు? ఆవలింత చెప్పింది.

ఆ గీత కొట్టేసింది.
ఇరవైరెండో పోర్టు తన ఒక్కదానికే.
నీళ్ళ ఎత్తు చెప్పే కిటికీ మాత్రం, పై వరసలో,
ఎవరికైనా, ఎక్కణ్ణించైనా.
ముందు మళ్ళీ గడువు పెట్టడం మర్చిపోలేదు.

ఎలిజేవుకి ఫోన్ చేద్దామనుకుంది, ఇంకా లేచుండడు.
రేడియోలో గరగర, తర్వాత జనువారియు
అంకెల్ని తనకి తనే చదువుకుంటున్నట్టు:
మీటరూ నలభై. దిగుతోంది.
మీటరూ ముప్ఫై ఎనిమిది.